ఇంటిలో రక్తపోటు కొలత

ఒకప్పుడు రక్తపోటు కొలుచు యంత్రము వైద్యుని బల్లమీద మాత్రమే కనబడెడిది. నల్లని పెట్టె, అందులో గాజుగొట్టము, గొట్టములో మెరయు పాదరసము, చేతిలో రబ్బరు బుడ్డి, వీనిని చూచుటతోడనే రోగికి గుండెదడ హెచ్చెడిది. నేడా యంత్రము చిన్న డబ్బా అంతయై మన ఇండ్లకు వచ్చినది. బీరువాలో తలనొప్పి మాత్రల ప్రక్కన, థర్మామీటరు ప్రక్కన దానికి చోటు దొరకినది. తాతగారు కాఫీ త్రాగుచు ఒకసారి, పండుగకు వచ్చిన అల్లుడు సరదాకు ఒకసారి, ఇంటిలో మాటామాటా పెరిగినప్పుడు అమ్మగారు ఒకసారి దానిని చేతికి చుట్టుకొని చూచుచున్నారు. యంత్రము వచ్చినది, సంతోషమే. దానితోపాటు కొలుచు విధానము కూడ వచ్చినదా అనునది నేటి మా ప్రశ్న.

ఇది అల్పవిషయము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 ఏండ్లు నిండిన పురుషులలో నూటికి 24 మందికి, స్త్రీలలో నూటికి 21 మందికి రక్తపోటు హెచ్చుగా నుండుటయో, దానికై వారు మందు వాడుచుండుటయో కనబడినది. హెచ్చు రక్తపోటు చాలకాలము నొప్పి లేక, బాధ లేక ఉండును. పక్షవాతము, గుండెపోటు, మూత్రపిండముల చేటు దాని వెనుక నడచి వచ్చును. నొప్పి చెప్పని వ్యాధిని కొలత చెప్పవలెను. ఆ కొలతయే తప్పినయెడల రెండు విధముల హాని కలదు. లేని జబ్బుకు మందు మ్రింగుట ఒకటి. ఉన్న జబ్బును లేదనుకొని నిశ్చింతగా నుండుట రెండవది.

మా అనుభవములోనిదే ఒకటి చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మా యొద్దకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చుచుండెడివారు. క్రమశిక్షణ గల మనిషి. ఇంటిలో యంత్రము కొని, ప్రతిదినము కొలిచి, ముత్యములవంటి అక్షరములతో ఒక పుస్తకములో వ్రాసి తెచ్చెడివారు. ఒక నెల ఆ పుస్తకములో 162, 158, 166 అని అంకెలు కనబడినవి. ఆనాడు మేము కొలువగా 146 మాత్రమే వచ్చెను. అయినను అంత శ్రద్ధగా వ్రాసిన పుస్తకమును నమ్మి మందు పెంచితిమి. పదునైదు దినములు గడువకముందే, ఒక తెల్లవారుజామున మంచము దిగి పెరటిలోనికి పోవుచు, కన్నులు చీకట్లు క్రమ్మి ఆయన పడిపోయిరి. మణికట్టు ఎముక విరిగెను.

చేతికి కట్టుతో వచ్చిన ఆయనను, “యంత్రము కూడ తెప్పించండి మాస్టారూ; మీరు ఇంటిలో ఎట్లు కొలుచుకొనెదరో మా యెదుట అట్లే కొలుచుకొనండి” అని అడిగితిమి. దెబ్బ తగలని చేతికి ఆయన భార్యయే పట్టీ చుట్టిరి. ఆయన వెన్నుకు ఆనిక లేని ముక్కాలిపీటపై కూర్చుండిరి. జుబ్బా చేయిని పైకి బిగియ మడిచి, సగము గుడ్డపైననే పట్టీ చుట్టించుకొనిరి. చేయి మోకాలిమీద వ్రేలాడుచున్నది. యంత్రము గాలి నింపుచుండగా మనుమని చదువు సంగతి మాకు చెప్పుచున్నారు. అంకె 148 వచ్చెను. పిమ్మట మేము ఆయనను వీపు ఆనుకొను కుర్చీలో కూర్చుండబెట్టి, జుబ్బా తీయించి, చేయిని బల్లపై ఉంచి, ఆయన లావైన చేతికి తగిన పెద్ద పట్టీ చుట్టి, అయిదు నిమిషములు మాటలాడనీయక కొలిచితిమి. 126 వచ్చెను. లేచి నిలువబడగా 104కు దిగెను. తప్పు యంత్రముది కాదు. ఆయనది కూడ కాదు. “ఎట్లు కొలిచితిరి?” అను ఒక్కమాట అడుగక మందు పెంచిన మాది.

ఇంత తేడా ఎందుకు వచ్చెను? దానిని గ్రహించుటకు, అసలు కొలుచుచున్నది ఏమిటో కొంచెము చూడవలెను.

రక్తపోటు అనగా రక్తనాళముల గోడలపై రక్తము మోపు ఒత్తిడి. దానిని మొట్టమొదట కంటితో చూచినవాడు ఇంగ్లండు దేశపు మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్. అతడొక గుఱ్ఱపు తొడలోని ధమనిలో సన్నని ఇత్తడి గొట్టమును దూర్చి, దానికి 9 అడుగుల గాజుగొట్టమును తగిలించెను. రక్తము ఆ గాజుగొట్టములో 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు లేచి, గుండె కొట్టుకొనుటకు సరిగా పైకి క్రిందికి ఊగెను. ఈ సంగతిని అతడు 1733లో ప్రచురించెను. ఇందు గమనింపదగినది ఒకటి కలదు. అతడా ఎత్తును నేలనుండి కాక, గుఱ్ఱము గుండె మట్టమునుండి లెక్కించెను.

మనము 120 అని చెప్పునది 120 మిల్లీమీటర్ల ఎత్తుగల పాదరసపు స్తంభము. పాదరసము నీటికంటె పదమూడున్నర రెట్లు బరువు గలది. రక్తము నీటికంటె కొంచెమే బరువు. కావున ఆ పాదరసమునకు మారుగా రక్తమునే గొట్టములో నింపినచో, అది దాదాపు 5 అడుగుల ఎత్తు లేచును. అనగా మనలో ప్రతివానిలోను గుండె క్షణక్షణము అయిదడుగుల రక్తస్తంభమును ఎత్తి నిలుపుచున్నది.

గుఱ్ఱమునకు చేసినట్లు మనుష్యునికి చేయరాదు గదా! 1896లో ఇటలీ దేశమున టూరిను నగరపు వైద్యుడు రీవా రోచి, జబ్బకు ఒక రబ్బరు పట్టీ చుట్టి, గాలితో బిగించి, మణికట్టు దగ్గర నాడి ఏ ఒత్తిడివద్ద ఆగిపోవునో పాదరసపు గొట్టమున చూచెను. మన వైద్యులు తరతరములుగా పట్టుకొని చూచుచున్న నాడియే అతనికిని ఆధారము. ఆ పద్ధతిలో పై అంకె మాత్రమే తెలిసెడిది. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవు, పట్టీ క్రింద మోచేతి ధమనిపై స్టెతస్కోపు నుంచి వినెను. గాలి తగ్గుచుండగా టకటకమని చప్పుడు మొదలైనచోటు పై అంకె. అది పూర్తిగా అణగినచోటు క్రింది అంకె. గుండె ముడుచుకొని రక్తమును నెట్టునప్పటి ఒత్తిడి మొదటిది. విశ్రమించునప్పటి ఒత్తిడి రెండవది. సెంట్ పీటర్సుబర్గులో ఆయన చదివిన ఆ చిన్న నివేదికపై లోకమంతట వైద్యులు నూరేండ్లకు పైగా ఆధారపడిరి.

ఇప్పుడు చేయి ఉంచు తావును గూర్చి చెప్పుట సులభము. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది అని మనమందరము ఎరుగుదుము. ఆ అంకెలను విని పల్లపు ఊళ్లవారు సామాను సర్దుకొందురు. ఆ అడుగులు లెక్కించుటకు ఒక స్థిరమైన మట్టము కలదు. ఒకడు పై మెట్టునుండియు, మరియొకడు అడుగు మెట్టునుండియు లెక్కించి చెప్పుచున్నచో ఆ హెచ్చరికకు అర్థమే లేదు. రక్తపోటునకు ఆ స్థిరమైన మట్టము గుండె. పట్టీ చుట్టిన తావు గుండెకు ఎదురుగా, సరిసమానమైన ఎత్తున ఉండవలెను. అది 10 సెంటీమీటర్లు క్రిందికి దిగినచో, పైనున్న రక్తపు బరువు చేరి అంకె 8 వరకు పెరుగును. అంతే పైకి పోయినచో అంతే తగ్గును. అమెరికాలో జరిపి 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బల్లపై చేయి ఆన్చి కొలిచినదానికంటె, ఒడిలో ఉంచినప్పుడు పై అంకె సుమారు 4, ప్రక్కన వ్రేలాడవేసినప్పుడు ఆరున్నర ఎక్కువగా వచ్చెను. మన మాస్టారి మోకాలు చేసిన పని ఇదియే. కావున చేయిని బల్లపై ఆన్పవలెను. బల్ల పొట్టిదైనచో మడిచిన దుప్పటియో, దిండో వేసి ఎత్తు సరిచేయవలెను. చేయిని తానై ఎత్తి పట్టుకొనరాదు. కండలు బిగిసి అంకె పెరుగును.

రెండవది పట్టీ. రీవా రోచి వాడిన పట్టీ చాల సన్ననిది. సన్నని పట్టీ ధమనిని అణచుటకు ఎక్కువ గాలి కావలసియుండును గనుక అంకె ఉన్నదానికంటె హెచ్చుగా చూపును. జర్మనీ వైద్యుడు రెక్లింగ్‌హౌజెన్ 1901లో ఈ దోషమును చూపి పట్టీ వెడల్పు పెంచెను. నూట ఇరువదేండ్లు గడచినను ఆ దోషము మన ఇండ్లలో ఇంకను ఉన్నది. యంత్రముతో సాధారణముగా వచ్చు పట్టీ, జబ్బ చుట్టుకొలత 22 నుండి 32 సెంటీమీటర్లు గలవారికి ఉద్దేశింపబడినది. చేయి లావైనవారికి అది చాలదు. 2023లో అమెరికాలో ప్రచురించిన మరియొక పరిశోధనలో, పెద్ద పట్టీ కావలసినవారికి ఈ సాధారణపు పట్టీ చుట్టగా పై అంకె 5 వరకు, మిక్కిలి పెద్దది కావలసినవారికి 20 వరకు హెచ్చుగా వచ్చెను. ఇరువది యనగా, ఆరోగ్యవంతుని రోగిగా చేయుటకు చాలును. అట్లే బక్కపలుచని చేతికి పెద్ద పట్టీ చుట్టినచో అంకె తగ్గి కనబడును. కావున దర్జీవాని టేపుతో భుజమునకును మోచేతికిని నడుమ చుట్టుకొలత చూచి, పట్టీపై అచ్చువేసిన కొలతతో సరిపోల్చుకొనవలెను. తగని పక్షమున తగిన పట్టీని విడిగా కొనవలెను. పట్టీని వట్టి చేతిపైననే చుట్టవలెను. దాని క్రింది అంచు మోచేతి మడతకు రెండు వ్రేళ్ల పైన ఉండవలెను. చుట్టిన పిమ్మట ఒకటి రెండు వ్రేళ్లు లోపల దూరునంత వదులు చాలును.

మూడవది యంత్రము. పాదరసము విషపదార్థమగుటచే, మినమాట ఒప్పందము 2017లో అమలునకు వచ్చినది మొదలు పాదరసపు యంత్రములు క్రమముగా తొలగుచున్నవి. ఇంటి విద్యుద్యంత్రము కొరొట్కోవు చప్పుళ్లను వినదు. ధమని కొట్టుకొనుటచే పట్టీలోని గాలికి కలుగు సన్నని అదరులను గ్రహించి, తయారుచేసినవారు అమర్చిన గణితము ననుసరించి రెండంకెలను కట్టి చూపును. ఆ గణితము ఒక్కొక్కరిది ఒక్కొక్క విధము. అందుచేత యంత్రమును చెవితో వినికొలుచు శిక్షితుల కొలతలతో సరిపోల్చి పరీక్షింపవలెను. 2018లో అంగీకరింపబడిన అంతర్జాతీయ నియమము ప్రకారము ఇట్టి పరీక్ష కనీసము 85 మందిపై జరుగవలెను. కొనునప్పుడు, ఇట్టి పరీక్షలో నెగ్గిన రకమేనా అని వైద్యుని అడిగి కొనుట మంచిది. జబ్బకు చుట్టు యంత్రమే మేలు. మణికట్టుకు చుట్టునది చేయి ఏమాత్రము కదలినను అంకె మార్చును. వ్రేలికి తొడుగునది నమ్మదగినది కాదు. గుండె లయ తప్పి కొట్టుకొనువారికి, గర్భవతులకు అన్ని యంత్రములును సరిపడవు. వారు వైద్యుని సలహా లేక యంత్రము నమ్మరాదు. యంత్రము ఎంత మంచిదైనను ఏడాదికి ఒకసారి వైద్యుని యొద్దకు తీసికొనిపోయి, అక్కడి కొలతతో సరిచూచుకొనవలెను.

ఇన్ని చిక్కులున్నప్పుడు ఇంటిలో కొలుచుట ఎందుకు, వైద్యుడు కొలిచినది చాలదా అని శ్రోతలు అడుగవచ్చును. చాలదు. 1940లోనే అమెరికా వైద్యులు ఐమన్, గోల్డ్‌షైన్ అనువారు రోగుల చేత ఇంటిలో రక్తపోటు కొలిపించి, అవే మనుష్యులకు వైద్యశాలలో వచ్చు అంకెలకంటె ఇంటి అంకెలు సాధారణముగా తక్కువయని చూపిరి. తెల్లకోటును చూడగానే కొందరికి రక్తపోటు లేచును. మరికొందరి సంగతి దీనికి విరుద్ధము. వైద్యుని యెదుట అంకె చక్కగా నుండి, ఇంటికి పోగానే హెచ్చును. మరుగుపడిన ఈ రెండవ రకము మిక్కిలి అపాయకరము. ఇంటి కొలత లేక అది బయటపడుట కష్టము. జపానులోని ఒహసమ అను చిన్న పట్టణమున ప్రజలకు యంత్రములిచ్చి, ఏండ్ల తరబడి గమనించి, ఎవరికి ప్రాణాపాయము ఎక్కువయో ముందుగా తెలుపుటలో వైద్యశాల కొలతకంటె ఇంటి కొలతయే మెరుగని 1998లో ప్రచురించిరి. కాని అది సరిగా కొలిచిన ఇంటి కొలత.

ఇక విధానము. కొలుచుటకు అరగంట ముందు కాఫీ, టీ, పొగాకు, వ్యాయామము కూడవు. మూత్రవిసర్జన చేసి రావలెను. మూత్రాశయము నిండియున్నను అంకె హెచ్చును. వీపు ఆనుకొను కుర్చీలో కూర్చుండి, పాదములు రెండును నేలపై మోపవలెను. కాలుమీద కాలు వేసికొనరాదు. అట్లు అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. ఆ సమయమున టెలివిజను, టెలిఫోను వద్దు. కొలుచుచుండగా తాను మాటలాడరాదు. ప్రక్కవారు పలుకరింపను రాదు. మొదటిసారి రెండు చేతులకును కొలిచి చూచి, ఏ చేతికి అంకె హెచ్చుగా వచ్చునో ఆ చేతికే తరువాత ఎల్లప్పుడును కొలువవలెను. రెండు చేతులకు మాటిమాటికి 10కి మించి తేడా వచ్చుచున్నచో వైద్యునికి చెప్పవలెను.

వైద్యుని చూడబోవుటకు ముందు ఏడు దినములు వరుసగా కొలుచుట మేలు. ఉదయము లేచిన గంటలోపల, ఫలహారమునకును మందునకును ముందు రెండుసార్లు. రాత్రి పండుకొనబోవు ముందు రెండుసార్లు. రెండు కొలతల నడుమ ఒక నిమిషము ఎడముండవలెను. వచ్చిన అంకెలన్నియు, తారీఖు, వేళతో వ్రాయవలెను. బాగున్నవి వ్రాసి బాగులేనివి మానరాదు. అది వైద్యుని కాదు, తన్నుతాను మోసగించుకొనుట. మొదటి దినపు అంకెలను వదలి, తక్కిన ఆరు దినముల సగటు కట్టవలెను. ఆ సగటు 135కు 85 గాని, అంతకు మించి గాని ఉన్నచో, దానిని హెచ్చు రక్తపోటుగా చాల దేశముల వైద్యులు గణింతురు. వైద్యశాలలో ఈ హద్దు 140కి 90. అమెరికా వైద్యసంఘములు 2017లో 130కి 80 అని నిర్ణయించినవి. ఎవరికి ఏ హద్దు తగునో వారి వయస్సు, ఇతర వ్యాధులు చూచి వైద్యుడే చెప్పవలెను.

సగటు అని ఇంతగా చెప్పుటకు కారణము కలదు. రక్తపోటు ఒకచోట నిలుచునది కాదు. నిద్రలో తగ్గును; మెట్లెక్కినచో, కోపము వచ్చినచో, చలివేసినచో పెరుగును. అది ఆరోగ్యలక్షణమే. ఒక్క అంకెను చూచి సంతోషించుటయు, ఒక్క అంకెను చూచి బెంగపడుటయు రెండును తగవు. కొందరు దినమునకు పదిసార్లు కొలుచుకొందురు. అంకె హెచ్చినదని భయము. ఆ భయముచే అంకె మరింత హెచ్చు. అట్టివారు యంత్రమును బీరువాలో పెట్టి తాళము వేయుటయే మందు. మరికొందరు అంకె బాగున్నదని తామే మందు మానుదురు. అంకె బాగున్నది ఆ మందువలననే యని మరతురు. మందు పెంచుట, తగ్గించుట, మానుట వైద్యుని పని. అయితే ఒకటి మరువరాదు. పై అంకె 180 గాని క్రింది అంకె 120 గాని దాటి, దానితో ఛాతీనొప్పి, ఆయాసము, మాట తడబాటు, మూతి వంకర, కాలుచేతుల పట్టుతప్పుట, చూపు మందగించుట వంటివి ఏవి కనబడినను, ఏడు దినముల పుస్తకము వ్రాయుచు కూర్చుండక తక్షణమే వైద్యశాలకు పోవలెను. ఈ లక్షణములు కనబడినప్పుడు అంకె చూచుటకైనను ఆగనక్కరలేదు. లక్షణములేవియు లేక అంకె మాత్రమే అంతగా కనబడినచో, అయిదు నిమిషములు విశ్రమించి మరల కొలిచి, అట్లేయున్న పక్షమున ఆనాడే వైద్యునితో మాటలాడవలెను.

మన ఇండ్లలో మానికతో బియ్యము కొలుచునప్పుడు, ఒకనాడు అంచుపై కుప్పగా పోసి, మరియొకనాడు చేతితో తుడిచి కొలిచినచో, నెలాఖరున లెక్క తప్పును. ఇల్లాలు అట్లు చేయదు. ఏనాడును ఒకే విధముగా కొలుచును. రక్తపోటునకును ఆ నియమమే కావలెను. ఒకే కుర్చీ, ఒకే చేయి, ఒకే వేళ, ఒకే మౌనము.

మా మాస్టారి చేయి అతికినది. మందు పాతమోతాదునకు తగ్గించితిమి. ఆయన నేటికిని పుస్తకము వ్రాయుచున్నారు. అంకెల ప్రక్కన కూర్చున్న తీరు కూడ వ్రాయుచున్నారు. మేము కూడ ఆనాటినుండి ఒక పద్ధతి పెట్టుకొంటిమి. ఇంటి కొలతల పుస్తకము ఎవరు తెచ్చినను, మందుచీటి వ్రాయుటకు ముందు యంత్రము తెప్పించి, మా యెదుట ఒకసారి కొలుచుకొనుమందుము. ఈసారి మీ వైద్యుని యొద్దకు పోవునప్పుడు మీరును యంత్రము వెంట తీసికొనిపొండి. ఆయన అడుగకున్నను, ఇంటిలో కొలుచుకొనునట్లే ఆయన యెదుట ఒకసారి కొలిచి చూపండి.